స్తంభం లేని మలుపు

జూన్ 4, సోమవారం

గేటు లోపల మోటార్ సైకిల్ ఉంది. సీటు నా నడుం ఎత్తుకు వస్తుంది. మట్టిరంగు. రెండు పక్కలా రెండు ఇనప పెట్టెలు, ముందు చక్రం మీద పక్షి ముక్కులాంటిదొకటి. వీధిలో పిల్లలు వచ్చి చూసి వెళ్తున్నారు.

మనవరాలు కొంది. సెకండ్ హ్యాండ్. తన జీతంతో కొన్నది కాబట్టి ఖర్చు గురించి నేను నోరెత్తకూడదని ముందే చెప్పింది. నేను ఖర్చు గురించి ఎత్తలేదు. చెప్పకుండా కొనడం గురించి ఎత్తాను. అడిగితే వద్దంటావుగా అమ్మమ్మా అంది. నిజమే, అంటాను. అంతమాత్రాన అడక్కపోవడం ఒప్పయిపోతుందా?

దానికి ఇరవై ఆరేళ్ళు. కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం. రోజంతా చీకటి గదిలో కూర్చుని ఇది బాగా కనిపిస్తోందా, అది బాగా కనిపిస్తోందా అని అడగడంతోనే సరిపోతోందట. ఆదివారమైనా తను కూడా కాస్త దూరం చూడాలట. మట్టిదారుల్లో, కొండదారుల్లో బళ్ళు నడిపే గ్రూప్ ఒకటి ఊళ్ళో ఉందట. అందులో చేరిందట. అన్నీ అయ్యాక చెప్పే అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో.

వాళ్ళమ్మ, అంటే నా కూతురు, హాస్పిటల్లో ఎముకల వార్డు నర్సు. డ్యూటీ దిగి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, బ్రేకులు బాగున్నాయా అని అడిగి, వెళ్ళి పడుకుంది. రోజూ విరిగిన కాళ్ళూ చేతులూ చూసే మనిషి! అల్లుడు ఓడల మీద ఉంటాడు. అక్కణ్ణుంచే ఫోటో పంపమన్నాడట. ఈ ఇంట్లో వద్దు అనే ఉద్యోగం నా ఒక్కదానిదే.

షరతు పెట్టాను. దారిలో ఉన్నంతసేపూ గంట గంటకీ ఫోన్ చెయ్యాలి. ఒక్కటి తప్పినా బండి తాళం నా బీరువాలోకి. నువ్వు ఆడిట్ ఆఫీసు నుంచి రిటైరయ్యావు గానీ ఆడిట్ నీలోంచి రిటైరవలేదు అమ్మమ్మా అని నవ్వింది. నవ్వు తర్వాత, ముందు మాటివ్వు అన్నాను. చేతిలో చెయ్యి వేసింది.

జూన్ 10, ఆదివారం

తెల్లవారుతుండగానే వాళ్ళు కలుసుకునే చోటికి నేనూ నడిచి వెళ్ళాను. పిలవలేదు. అయినా వెళ్ళాను. తీరా చూస్తే మేం రోజూ రొట్టె కొనే బేకరీయే.

పది పన్నెండు బళ్ళు. అందరూ మోకాళ్ళకీ మోచేతులకీ చిప్పలు కట్టుకుని యుద్ధానికి పోతున్నట్టున్నారు. నాయకురాలు లిఫ్టులు రిపేరు చేసే ఆవిడ. యాభై దాటి ఉంటుంది. కెప్టెన్ అంటారు. తక్కువ మాట్లాడుతుంది, అది నాకు నచ్చింది. ఇంకొకాయన ప్లీడరు. ఆయనకు అందరికంటే పెద్ద బండి, అందరికంటే కొత్త జాకెట్. బయల్దేరకముందే స్టాండు వెయ్యడం మరిచిపోయి బండిని పడేశాడు. బండి నేల రుచి చూస్తోంది, చూడనివ్వండి అన్నాడు బేకరీ ఆయన, ట్రేలు సర్దుతూనే. ఈయన కూడా వాళ్ళలో ఒకడని ఇవాళే తెలిసింది. ఏప్రాన్ విప్పి పసుపు జాకెట్ తొడుక్కున్నాడు. గుంపులో చివరి బండి ఆయనదట. ఆయన్ని తోక అంటారు. అలా పిలిస్తే పలుకుతాడు కూడా!

మనవరాలికి అప్పుడే పేరు పెట్టేశారు. అద్దాలు.

నియమం కెప్టెన్ చెప్పింది. ముందు తను వెళ్తుంది. దారి చీలినచోట తన వెనక ఉన్న రెండో బండి ఆగిపోవాలి. ఆగి, వెనక వచ్చే ప్రతివాళ్ళకీ ఎటు తిరగాలో చెయ్యి చూపించాలి. ఆ మనిషిని స్తంభం అంటారు. పసుపు జాకెట్ కంటబడేదాకా స్తంభం కదలకూడదు. వానొచ్చినా, ఆకలేసినా, దేవుడు దిగివచ్చి పిలిచినా సరే. ఎందుకంటే చీలిక దగ్గర స్తంభం లేదంటే తిన్నగా వెళ్ళమని అర్థం. మనిషి లేకపోవడం కూడా మాకు ఒక బోర్డే అంది.

నాకు ఆ గుంపులో నచ్చిన మొదటి విషయం అది. వచ్చేటప్పుడు రొట్టె తెచ్చాను.

జూన్ 11, సోమవారం

ఇంట్లో కూడా దాన్ని అద్దాలు అనే పిలుస్తున్నారు. నేను తప్ప.

జూన్ 17, ఆదివారం

తొమ్మిదికి చేసింది. పదికి చేసింది. పదకొండుది కాస్త ఆలస్యమైంది, అడిగాను. టీ తాగుతున్నామంది. టీ తాగే చేతితో ఫోన్ పట్టుకోలేవా అన్నాను. వెనక ఎవరో నవ్విన చప్పుడు వినిపించింది. తర్వాతివన్నీ సరిగ్గా వేళకే వచ్చాయి, కానీ మాట తగ్గింది. బాగున్నాను, ఉంటాను. అంతే.

నాకు కావలసిందీ అంతే.

జూన్ 24, ఆదివారం

సాయంత్రం ఒళ్ళంతా దుమ్ముతో వచ్చింది. పళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. వాగు దాటిందట. బండి మధ్యలో ఆగిపోతే బేకరీ బాబాయ్ మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి తోశాడట. ఎవరూ తిట్టలేదు అమ్మమ్మా అంది. ఎవరూ తిట్టలేదని రెండుసార్లు అంది. స్నానం చేస్తూ గట్టిగా పాడింది. ఇది పాడగా నేను వినక ఎన్నాళ్ళయిందో.

జూలై 1, ఆదివారం
ఉదయం 8:10

ఇవాళ కొత్త దారి. కొండ వెనక చెరువు దాకా. గుంపులో ఎవరూ ఎరగని దారట, కెప్టెన్ మ్యాపులో చూసి పట్టుకుంది. మబ్బుగా ఉంది, మానేస్తే ఏం అన్నాను. ఈ ప్రశ్న నిన్న రాత్రే అడిగావు అంది.

ఉదయం 11:05

పదకొండు కొడుతుండగా ఫోన్. గాలి హోరు. రొప్పుతోంది. ఎందుకంటే గుట్ట ఎక్కానంది, కింద సిగ్నల్ లేదట. మంచిది అన్నాను. ఇంకేదో చెప్పబోయి, వెళ్ళాలి అమ్మమ్మా అని పెట్టేసింది. ఇచ్చిన మాటలో ఆవగింజంత తేడా రానివ్వలేదు.

మధ్యాహ్నం 12:30

పన్నెండింటి ఫోన్ రాలేదు. వాన మొదలైంది.

మధ్యాహ్నం 2:00

రాలేదు. నేను చేస్తే కలవడం లేదు. తాళం ఇచ్చెయ్యమని ఎలా చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. అరవకూడదు. షరతు నీ ఇష్టంతోనే పెట్టుకున్నాం అనాలి.

మధ్యాహ్నం 3:40

హాస్పిటల్ నుంచి కూతురు ఫోన్ చేసింది. మొదటి మాటే, నీ మనవరాలికి ఏం కాలేదమ్మా, కూర్చో అని. బేకరీ ఆయన్ని తీసుకొచ్చారట.

జూలై 2, సోమవారం

జరిగింది ఇది. ముక్కలు ముక్కలుగా రాబట్టాను.

కొండ కింద ఒకచోట దారి రెండుగా చీలింది. కుడివైపుది చెరువుకి. తిన్నగా వెళ్ళేది పాత రాళ్ళ క్వారీకి. అక్కడ స్తంభంగా నిలబడింది మా పిల్ల. అందరినీ కుడికి పంపింది. ప్లీడరు, తోక ఇద్దరే మిగిలారు. ప్లీడరు బండి చైను తెగి, వెనక ఎక్కడో రిపేరు చేసుకుంటూ ఆలస్యమయ్యారు. వాళ్ళు చీలిక దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. స్తంభం లేదంటే తిన్నగా. తిన్నగా వెళ్ళారు. రాళ్ళు వదులైన క్వారీ అంచు విరిగింది. బేకరీ ఆయన బండితో సహా కిందికి జారిపోయాడు. ఆయన్ని ఒక్కణ్ణీ వదిలి రాలేక ప్లీడరు అక్కడే ఉండిపోయాడట.

మా పిల్ల బండితో సహా కాసేపు చోటు వదిలి వెళ్ళిందట. తిరిగొచ్చి, వాళ్ళింకా రాలేదనుకుని, అదే చీలిక దగ్గర వానలో నిలబడి ఉందట. అప్పటికే వాళ్ళు వెళ్ళిపోయారు. కెప్టెన్ వెతుక్కుంటూ వెనక్కి వచ్చేదాకా అలాగే నిలబడి ఉందట, ఎవరూ రాని దారివైపు చూస్తూ.

ఎందుకు వదిలావని అడిగాను. బుద్ధి లేక అంది. గోడవైపు తిరిగి పడుకుంది. షాపుకి వెళ్ళలేదు.

తాళం మాట ఎత్తలేదు నేను. ఇప్పుడు కాదులే అనుకున్నాను.

జూలై 4, బుధవారం

ప్రాణానికి భయం లేదని కూతురు చెప్పింది. కుడి మణికట్టు నుజ్జయింది. ప్లేట్లు వేశారు. పిండి పిసకడం ఇప్పట్లో కుదరదట. మళ్ళీ ఎప్పటికైనా కుదురుతుందా అంటే, డాక్టరు తల ఊపాడు, ఎటు ఊపాడో నాకు తెలియలేదమ్మా అంది.

బేకరీ షట్టరు దించి ఉంది. రోజూ వచ్చేవాళ్ళు కాసేపు నిలబడి వెళ్ళిపోతున్నారు.

జూలై 6, శుక్రవారం

కూతురికి అన్నం డబ్బా ఇవ్వడానికి హాస్పిటల్‌కి వెళ్ళాను. వరండాలో కెప్టెన్ కనిపించింది. పాపం, నిద్ర లేని కళ్ళు. ఆ దారి పట్టుకొచ్చింది నేనే అమ్మగారూ, ముందు నన్ను తిట్టండి అంది. నేను తిట్టలేదు. అప్పుడు ఆవిడ, ఒక్క పదినిమిషాలే కదండీ, పదకొండు ప్రాంతంలో, ఆ పదినిమిషాల్లోనే వీళ్ళు వచ్చి దాటిపోయారు, ఎక్కడికెళ్ళావమ్మా అంటే చెప్పదు, ప్లీడరుగారు అన్నన్ని మాటలు అంటుంటే తలొంచుకుని వింటోంది అంది.

పదకొండు ప్రాంతంలో.

గుట్ట ఎక్కానంది. కింద సిగ్నల్ లేదంది. మంచిది అన్నాను నేను.

డబ్బా ఎవరి చేతికిచ్చానో గుర్తు లేదు. ఇంటికి నడిచే వచ్చాను. ముప్పై ఏళ్ళు ఇతరుల లెక్కల్లో తేడా పట్టుకున్నాను. ఏ కాగితంలోనూ నా సంతకం దొరకలేదు. ఇందులో దొరికింది.

రెండు నియమాలు. ఒకటి కదలొద్దంది, ఒకటి గంట కొట్టగానే ఫోన్ చెయ్యమంది. మొదటిది తప్పితే ఏమవుతుందో దానికి అప్పటికి తెలియదు. రెండోది తప్పితే తాళం పోతుందని బాగా తెలుసు.

జూలై 7, శనివారం

అడిగేశాను. నాకు ఫోన్ చెయ్యడానికే కదా వెళ్ళావు అని. కంచంలోంచి తలెత్తలేదు. వదిలెయ్ అమ్మమ్మా అంది.

వదల్లేదు. వదిలినట్టు నటించాను. లోపల మాత్రం ఏదో కరిగింది. అంతమంది చేత మాటలు పడుతూ కూడా నా పేరు బయట పెట్టలేదు పిల్ల. నన్ను కాస్తోంది. కళ్ళు తడిశాయి. ఈ తడి వెనక కాస్త గర్వం కూడా ఉంది, అబద్ధమెందుకు.

రేపు గ్రూప్ మీటింగు. నేనూ వెళ్తాను. ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

జూలై 8, ఆదివారం

వెళ్ళకుండా ఉండాల్సింది.

కాదు, వెళ్ళి ఊరుకోవాల్సింది. కాదు. ఏమో. జరిగింది రాస్తాను.

బేకరీ మూసి ఉంది కాబట్టి కెప్టెన్ షెడ్డులో కలిశారు. విప్పేసిన లిఫ్టు తలుపులు గోడకి ఆనించి ఉన్నాయి. అందరూ బోల్టుల పెట్టెల మీద కూర్చున్నారు. నాకు మాత్రం కుర్చీ వేశారు. మనవరాలు నన్ను చూసి మొహం తిప్పుకుంది.

ప్లీడరు లేచాడు. తోకను నా కళ్ళముందే కిందపడేసుకున్నానండీ అన్నాడు.  ఈ అమ్మాయిని తీసెయ్యాలన్నాడు. చిన్నపిల్లల ఆటనుకుంటోంది, ఇలాంటివాళ్ళ చేతుల్లో మన ప్రాణాలు పెట్టకూడదన్నాడు. ఆయన చైను తెగకపోతే ఆలస్యమే లేదు. ఆ అరుపులో సగం ఆయన మీద ఆయనకేనని నాకు తెలుస్తూనే ఉంది.

కెప్టెన్ అందరూ అయ్యాక మాట్లాడింది. ఇక్కడ తీసెయ్యడాలు లేవు, జరిమానాలు లేవు అంది. చోటు వదిలినవాళ్ళు మళ్ళీ అదే మలుపులో నిలబడాలి, తోక వచ్చేదాకా. అప్పటిదాకా వేరే దారికి రాకూడదు. నిలబడలేనంటే వాళ్ళంతట వాళ్ళే మానుకోవాలి. మొదట్నుంచీ మా పద్ధతి ఇదే, నేనూ ఒకసారి నిలబడ్డాను అంది.

నేను లేచాను. ఆ నిలబడేదేదో నేను నిలబడాలి అన్నాను. ఫోన్ సంగతి మొత్తం చెప్పాను. గంట గంటకీ షరతు, తాళం, బీరువా. ఒక్క ముక్క వదల్లేదు.

 అమ్మగారూ, మీకు బండి ఉందా అని అడిగింది కెప్టెన్, నవ్వకుండా. వెనక ఎవరో, ఓ అద్దాలూ, పది కావస్తోంది, పక్కనే ఉన్నారుగా, హాజరు పలికెయ్ అన్నాడు. నవ్వులు. ప్లీడరు కూడా నవ్వాడు. ఇందాకటి కోపం అంతా పోయింది ఆయన మొహంలోంచి. దాని చోట జాలి వచ్చింది.

అప్పుడు చూశాను దాని మొహం. తిట్లు పడుతున్నప్పుడు లేని ఎరుపు.

బయటికి వచ్చాక కూడా అరవలేదు. మెల్లగానే చెప్పింది. నీకోసం దాచాననుకున్నావా అమ్మమ్మా? కాదు. నాకోసం. అజాగ్రత్త మనిషి అనుకుంటే అనుకోనీ, ఎప్పటికైనా చెరుపుకోవచ్చు. గంటకోసారి అమ్మమ్మకి హాజరు పలికే పాపాయి అంటే ఇంకేం చెరుపుకుంటాను? పన్నెండుకి తాళం పోతే పోనీ అనుకుని గుట్ట ఎక్కకుండా నిలబడ్డాను. ఆ ఒక్కటీ నేను సొంతంగా చేసింది. అప్పటికే ఆయన కింద పడి ఉన్నాడు. తప్పు నాది. తప్పైనా నాది. దాన్ని కూడా నువ్వే తీసుకున్నావు.

బస్సులో వచ్చాను. అది నడిచి వచ్చింది.

జూలై 9, సోమవారం

పొద్దున్న లేచేసరికి నా బల్ల మీద బండి తాళం. దాచుకో అంది. గ్రూప్‌కి రానని చెప్పేసిందట.

కోరుకున్నదే కదమ్మా, సంతోషమేనా అంది నా కూతురు. నర్సు గొంతుతో అంది. అందుకే ఎక్కువ తగిలింది.

జూలై 10, మంగళవారం

తాళం బల్ల మీదే ఉంది. ముట్టుకోలేదు. బల్ల తుడిచేటప్పుడు చుట్టూ తుడిచాను.

జూలై 13, శుక్రవారం

బేకరీ పైనే ఆయన ఇల్లు. హాస్పిటల్ నుంచి పంపేశారని తెలిసి వెళ్ళాను. చెయ్యి మెడకు వేలాడుతోంది. వేళ్ళు వాచి, వాటికి ఆయనకూ సంబంధం లేనట్టున్నాయి. భార్య టీ ఇచ్చి పక్కన నిలబడింది.

క్షమాపణ చెప్పాను. చక్కగానే చెప్పాను అనుకుంటాను, ముందు రోజే మాటలు కూర్చుకున్నాను కాబట్టి.

ఆయన విని, మీ సారీతో పిండి పొంగదండీ అన్నాడు. మా ఆవిడ ఒక్కత్తే మూడు గంటలకు లేచి పిసుకుతోంది, నిన్న కళ్ళు తిరిగి బస్తా మీద పడింది, దాన్ని మీ సారీ లేపలేదు అన్నాడు. ఆవిడ ఊరుకోండి అంది. ఊరుకోలేదు. మీరు మంచివారే, రొట్టె సరిగ్గా కాలకపోతే మొహంమీదే చెప్తారు, నాకు ఇష్టం, కానీ ఒకటడుగుతాను అన్నాడు. ఆ పిల్ల ఎందుకు రాలేదు? పన్నెండు రోజులు మంచం మీద పడున్నాను, తలుపు చప్పుడైతే చూశాను. మీటింగులో మీరే మాట్లాడారట. ఇక్కడికీ మీరే వచ్చారు. రేపు దాని పెళ్ళిలో కూడా మీరే పీటల మీద కూర్చుంటారా?

టీ సగం మిగిల్చి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే ఆవిడ వెనకే వచ్చి, ఆయన నోరే అంత, మనసులో పెట్టుకోకండి అక్కయ్యగారూ అంది. మనసులో పెట్టుకోవలసిన మాటే అని చెప్పాను.

జూలై 14, శనివారం

తాళం తీసుకెళ్ళి దాని మంచం పక్కన పెట్టాను. గంట గంటకీ ఫోన్ ఇక లేదు అన్నాను. బండి అమ్ముకుంటావో తోలుకుంటావో నీ ఇష్టం. బేకరీ ఆయన నిన్ను అడిగాడు, నన్ను కాదు.

 ఇంకో రెండు మాటలు చెప్పాలని నాలుక దురద పెట్టింది. తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. నా జీవితంలో ఇంత చిన్న ఉపన్యాసం ఇవ్వలేదు.

జూలై 15, ఆదివారం

ఇంట్లో లేదు. ఎక్కడికో తెలియదు. అడగలేదు.

జూలై 19, గురువారం

బేకరీ మళ్ళీ తెరిచాక ఇవాళే మొదటిసారి రొట్టెకి వెళ్ళాను. రొట్టె ఒక పక్కకు ఒరిగింది. కింద అట్టలా ఉంది, పైన పగుళ్ళు. ఏమిటమ్మా ఇది అని అడగబోయేంతలో లోపల్నుంచి ఆయన అరుపు వినిపించింది. మెత్తబడాలి, మెత్తబడాలి, అది కంటి పరీక్ష కాదు, చూస్తూ కూర్చోవడానికి, మోచేతి బలం వెయ్యి అంటున్నాడు. వేస్తున్నాను బాబాయ్, నువ్వు అరిస్తే ఎక్కువ పొంగుతుందా అంటున్న గొంతు మా ఇంటిది.

రోజూ పొద్దున్నే వెళ్ళి పిండి పిసికి, అక్కణ్ణుంచి షాపుకి పోతోందట. నాలుగు రోజులైందట. బేకరీ ఆవిడ చెప్పింది. మొదటి రోజు ఆయన దాన్ని గుమ్మంలో నిలబెట్టి చాలాసేపు తిట్టాడట. ఇది మొత్తం విని, బస్తాలు ఎక్కడ దించాలి అందట.

నేను లోపలికి తొంగి చూడలేదు. ఒరిగిన రొట్టె తెచ్చి మొత్తం తిన్నాను.  

జూలై 23, సోమవారం

చాలా రోజులకు నాతో ఒక మాట అంది. నీ పాత చీర ఏదైనా ఉంటే ఇవ్వు, పిండి మీద కప్పడానికి అని. మెత్తటిది తీసి ఇచ్చాను. మధ్యలో నొప్పికి ఆయన ఏడుస్తాడు అమ్మమ్మా, అటు తిరిగి ఏడుస్తాడు, నేను చూడనట్టు పిసుకుతాను అంది. ఆ చెయ్యి మునుపట్లా రాదని డాక్టరు తేల్చేశాడట.

ఏం చెప్పాలో తెలియక, పిండిలో నీళ్ళు ఎక్కువవుతున్నట్టున్నాయి అన్నాను. తెలుసు అంది.

జూలై 28, శనివారం

రేపు వాళ్ళు మళ్ళీ ఆ దారికే వెళ్తున్నారు. ఇదీ వెళ్తోంది. కెప్టెన్ వచ్చి అడగలేదు, ప్లీడరు అడగలేదు. తనే షెడ్డుకి వెళ్ళి, నా మలుపు నాకివ్వండి అందట. ఇచ్చారట. బేకరీ ఆయన చెయ్యి పనికి రాదు కాబట్టి పసుపు జాకెట్ ఈసారి ప్లీడరు వేసుకుంటాడు. ఆయన బండి మధ్యలో ఎన్నిసార్లు ఆగుతుందో, ఎంత ఆలస్యమవుతుందో ఎవరికీ తెలియదు. అంతసేపూ నిలబడాలి.

వాళ్ళమ్మ బ్యాండేజీలు ఒక కట్ట పెట్టెలో పడేసి, ఇవి విప్పకుండా తిరిగి తీసుకురా అంది.

సాయంత్రం గేటు దగ్గర చైనుకి నూనె పెడుతుంటే మెట్ల మీద కూర్చున్నాను. ఆకాశం నిండా మబ్బు. మబ్బు గురించి అనలేదు. జాగ్రత్త అని కూడా అనలేదు. ఆ మాట ఎంత బరువుంటుందో మింగితే తెలుస్తుంది.

మనవరాలే అంది, తలెత్తకుండా. ఆ చీలిక దగ్గర సిగ్నల్ ఉండదు అమ్మమ్మా, గుట్ట ఎక్కితేనే అంది.

తెలుసు అన్నాను.

జూలై 29, ఆదివారం
ఉదయం 11:00

వాన. ఫోన్ ఎదురుగా ఉంది. మోగలేదు.

ఉదయం 11:25

మోగితే గుట్ట ఎక్కినట్టు. మోగకూడదు.

మోగకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. అది రాయను.

మధ్యాహ్నం 12:00

మోగలేదు. నిలబడే ఉంది.